తొమ్మిది వందల అడుగుల సొరంగం

మార్చి 5, మంగళవారం. ఉదయం 9.10, హాలు గడియారం ప్రకారం.

ఈ పుస్తకం ఇవాళే ఎందుకు మొదలుపెడుతున్నానంటే, నిన్న మా మనవరాలు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "అమ్మమ్మా, ఇది ఆగిపోతే ఏమీ కెలక్కు. నేనొచ్చాక చూస్తాను. నీ వల్ల కాదు" అంది. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, అందులో పదకొండేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషితో అనవలసిన మాట కాదది. తను కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. పని మీద రెండు వారాలు వేరే ఊరు వెళ్ళింది.

విషయం వివరంగా రాస్తాను.

మా అమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు పురుళ్ళు పోసింది. ప్రతి పురుడూ పుస్తకంలో రాసింది. ఎవరి బిడ్డ, ఎన్ని గంటలకు, ఎంత బరువు, నొప్పుల్లో తల్లి ఏమంది. ఆ రాత మామూలు రాత కాదు. సున్నలు, చుక్కలు, సగం అక్షరాలు, మిగతాది అమ్మ తొందర. దాన్ని చదవగలిగిన మనిషి ఇప్పుడు ఒక్కతే ఉంది, మా చెల్లెలు. చిన్నప్పుడు లాంతరు పట్టుకుని అమ్మ వెంట తిరిగింది అదే. నేను ఇంట్లో కూర్చుని క్లాసు ఫస్టు వచ్చాను.

చెల్లెలికి ఈ నెల 18న కంటి ఆపరేషన్. రెండో కన్ను ఎప్పుడో పోయింది. ఈ కంటిలో చూపు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేనన్నాడట డాక్టరు. కాబట్టి 17వ తేదీ లోపల మిగిలిన 164 పేజీలూ అది చదివి టైపు చెయ్యాలి. లేకపోతే అమ్మ రాసింది ఇక ఎవరూ చదవలేరు. కన్ను కూడా ఉదయం రెండు గంటలే సహకరిస్తుంది.

పుస్తకాలు నా బీరువాలో ఉన్నాయి. తిరగేస్తే అంచులు పొడి రాలుతున్నాయి, అందుకని అన్నిటికీ ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టాను. మొదటి పుస్తకం మొదటి పేజీలో అమ్మ అందరికీ అర్థమయ్యే అక్షరాల్లో రాసిన వాక్యం ఒకటుంది: "నా కూతుళ్ళు తప్ప ఎవరూ చూడరాదు. మగవాళ్ళు ముట్టరాదు." పోయినేడాది ఒక పేజీ ఫోనులో చెల్లెలికి పంపబోయి బంధువుల గ్రూపులో పెట్టాను. నలభై మూడు మంది చూశారు. అది మా ఆడపడుచు పుట్టిన పేజీ. రాత ఎవరికీ అర్థం కాలేదు గాని పేరూ అంకెలూ అందరికీ అర్థమయ్యాయి. ఆవిడ వయసులో ఐదేళ్ళ తేడా వచ్చింది.

అందుకని మనవరాలు నా కంప్యూటరుకూ చెల్లెలి కంప్యూటరుకూ మధ్య సొరంగం వేసింది. మామూలుగా కంప్యూటరు పంపేది దారిలో ఎవరైనా చదవగలిగిన కార్డు ముక్క లాంటిదట. సొరంగంలో వెళ్తే ఎవరికీ కనపడదు. నా కంప్యూటరు వెళ్ళి తలుపు కొడుతుంది, అవతలిది ఎవరో చూసుకుని చెయ్యి కలుపుతుంది, అప్పుడు పేజీలు వెళ్తాయి. రెండు నిమిషాలకోసారి మళ్ళీ చెయ్యి కలపాలి. తెర మీద "చివరి కరచాలనం ఇంతసేపటి క్రితం" అని చూపిస్తుంది.

నా నిర్ణయాలు:
ఒకటి, పదమూడు రోజులూ సొరంగాన్ని నేనే చూసుకుంటాను. మనవరాలికి ఫోను చెయ్యను.
రెండు, ఒకసారికి ఒక్కటే మారుస్తాను. ఏం మార్చానో, ఎప్పుడో, ఏమైందో రాస్తాను.
మూడు, కారణం తెలియకుండా దేన్నీ నమ్మను.
నాలుగు, చెల్లెలి గురించి నోరు జారను.

ఒక సూచన. ఈ ఇంట్లో గడియారాలన్నీ ఇరవై నిమిషాలు ముందుంటాయి. యాభై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ దేనికీ ఆలస్యం కాలేదు. ఇక్కడ రాసే టైములన్నీ ఇంటి టైములే.

9.40 నుంచి 11.40 దాకా 20 పేజీలు వెళ్ళాయి. ఒక్క ఆటంకం లేదు. మిగిలినవి 144. నా వల్ల కాదట.

మార్చి 6, బుధవారం.

9.40. మొదలు. 6 పేజీలు వెళ్ళాయి.

10.05. టీ పెట్టడానికి లేచాను. ఆ సమయంలో మా ఆయన కంప్యూటరు ముందు కూర్చుని రైళ్ళు చూసుకుంటారు. ఏ బండి ఎక్కడుంది, ఎంత ఆలస్యం. గార్డు ఉద్యోగం నుంచి రిటైరై పద్నాలుగేళ్ళయింది, బండ్లు మాత్రం ఇంకా ఆయనవే.

10.15. తిరిగి వచ్చేసరికి ఏడో పేజీ సగంలో ఆగింది. చివరి కరచాలనం 8 నిమిషాల క్రితం.

10.18. ప్రయోగం ఒకటి: దీపాలు మిణుకుమనే ఇంటర్నెట్ పెట్టెను ఆపి మళ్ళీ వేశాను.

10.27. సొరంగం వచ్చింది. కారణం దొరికింది. పెట్టెకు వేడెక్కడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది.

టేబుల్ తుడిచాను. కంప్యూటరు గడియారం ఇరవై నిమిషాలు వెనకబడి ఉంది, సరిచేశాను. చవక సరుకు.

10.30. అవతల పేజీ పూర్తిగా కనపడిందో లేదో కనుక్కురమ్మని ఆయన్ను పంపాను. చెల్లెలూ నేనూ రెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు, కాబట్టి కబుర్లన్నీ ఆయన కాళ్ళ మీదే. దాని ఇల్లు ఇక్కడికి తొమ్మిది వందల పన్నెండు అడుగులు, ఆయన లెక్క. కూరగాయల కొట్టు దాటి, సందులో నీలం గేటు. ఆ పేజీ మాత్రం ఇక్కడి నుంచి ఇంటర్నెట్ కంపెనీకి వెళ్ళి, అక్కడి నుంచి ఇంకో ఊరు చుట్టి నీలం గేటుకు వస్తుందట. మొత్తం వెయ్యి మైళ్ళు ఉంటుందని మనవరాలు చెప్పింది.

ఆయన బయల్దేరే ముందు ఎప్పటిలాగే కంప్యూటరు దగ్గర నిలబడి, టైము చూసుకుని జేబు పుస్తకంలో రాసుకున్నారు. గార్డు బుద్ధి.

10.36. మళ్ళీ ఆగింది.

10.55. ఆయన తిరిగి వచ్చారు.

"ఏమంది?"

"అంటే, మరదలు అన్నది అన్నట్టే చెప్పమంది."

"చెప్పండి."

"'నా వైపు తలుపు తీసే ఉంది బావగారూ. రావలసిన వాళ్ళే రావట్లేదు.'"

ఏమీ అనలేదు. నాలుగో నిర్ణయం.

ఆ తర్వాత మళ్ళీ వచ్చిందో లేదో చూడలేదు. దాని కన్ను అలిసిపోయే వేళయింది. ఇవాళ 6. మిగిలినవి 138.

మార్చి 7, గురువారం.

9.40. పని చేస్తోంది. 9 పేజీలు.
10.05. టీ.
10.16. ఆగింది. సరిగ్గా నిన్నటి వేళకే. గమనించవలసిన విషయం.
10.18. ప్రయోగం రెండు: టీ తాగకుండా కూర్చున్నాను. ఫలితం లేదు. టీ చల్లారింది.
10.22. ప్రయోగం మూడు: సొరంగం తెరిచే నా తాళం, అంటే నలభై నాలుగు అక్షరాల వరస, కాగితంతో సరిచూశాను. ఒక్కటీ తప్పు లేదు. నలభై నాలుగూ రెండుసార్లు చూశాను.
10.28. అదే వచ్చింది. అంటే తాళాన్ని ఎవరైనా చదివితే దానికి ఇష్టం అనుకోవాలా? అలా అనుకోను. మూడో నిర్ణయం.

కంప్యూటరు గడియారం సరిచేశాను. ఇది రోజూ ఇరవై నిమిషాలు ఎలా పోగొట్టుకుంటుందో ఈసారి మనవరాలిని అడగాలి. తొందరేమీ లేదు, సొరంగానికి సంబంధం లేని విషయం.

చెల్లెలి తాళం కూడా సరిచూడమని ఆయనతో కబురు పంపాను. ఆయన టైము రాసుకుని వెళ్ళారు. ఈలోగా 2 పేజీలు వెళ్ళి ఆగింది.

ఆయన మోసుకొచ్చిన జవాబు: "'నలభై నాలుగు అక్షరాలు ఒంటికంటితో చదవమంటోందా మీ ఆవిడ? పరీక్ష పెడుతోందా? మార్కులు కూడా వేస్తుందేమో అడగండి.'"

"నవ్విందా అది చెప్పేటప్పుడు?"

"నవ్వింది. కంటిని చేత్తో మూసుకుని నవ్వింది. నొప్పేమో."

11. మిగిలినవి 127.

మార్చి 8, శుక్రవారం.

ఇవాళ రెండో నిర్ణయాన్ని కొద్దిగా సడలించాను. కారణాలున్నాయి. సమయం తక్కువ. పైగా మూడు మార్పులు ఒకేసారి చేసినా మూడూ రాస్తే రాసినట్టే.

10.14. ఆగింది. పెట్టెను హాల్లోకి మార్చాను. కిటికీ తెరిచాను. ఫ్యాను ఆపాను.
10.26. వచ్చింది.

మూడింట్లో ఏది? లెక్క ప్రకారం విడివిడిగా చూడాలి. కిటికీ మూశాను, పనిచేసింది. ఫ్యాను వేశాను, పనిచేసింది. పెట్టెను వెనక్కి తెచ్చాను, పనిచేసింది. సరేనని గడియారం సరిచేసి, నా సిద్ధాంతం వివరంగా కాగితం మీద రాసి ఆయన చేతికిచ్చి పంపాను. ఆయన గుమ్మం దాటారు, సొరంగం ఆగిపోయింది.

మూడు పేజీలు. 124.

సాయంత్రం ఆయనతో అన్నాను, "మీ మరదలి వైపే ఏదో ఉంది" అని.

"నాకేం తెలుసు? నేను కబురు మోసేవాణ్ణి. ఇవాళ నాలుగు ట్రిప్పులు. డ్యూటీలో కూడా ఇన్ని లేవు."

"కాళ్ళు నొప్పిగా ఉంటే చెప్పండి."

"కాళ్ళు బాగానే ఉన్నాయి. చెవులు నొప్పి. ఇద్దరూ తిట్టేది నన్నే."

మార్చి 9, శనివారం.

సున్న.

ఆయన ఉదయం నుంచి ఐదుసార్లు వెళ్ళొచ్చారు. వెళ్ళేముందు ప్రతిసారీ ఆగిపోయింది. నేను ప్రతిసారీ ఏదో ఒకటి సరిచేశాను. గడియారం ఒక్కటే ఐదుసార్లు సరిచేశాను, అంత దిక్కుమాలిన యంత్రం.

కారణం తెలియనిది నమ్మనని రాసుకున్న మాట నిజమే. కాని ఒక విషయం కాగితం మీద పెట్టడం నమ్మడం కాదు. పెడుతున్నాను: నేను నిలబడి ఉన్నప్పుడు రెండుసార్లు వచ్చింది, పేజీ పూర్తికాకుండానే పోయింది. కూర్చున్నప్పుడు ఒక్కసారీ రాలేదు.

మార్చి 10, ఆదివారం.

నిలబడే మొదలుపెట్టాను. 14 పేజీలు.

చెల్లెలు కబురు పంపింది. తను హవాయి చెప్పులు వేసుకుని కూర్చున్నప్పుడు పేజీలు వస్తున్నాయట. ఒట్టి కాళ్ళతో ఉంటే రావట్లేదట. డిగ్రీ చదివిన మనిషి అనవలసిన మాటేనా?

10.40. ఆగింది. చెప్పులు వేసుకుందో లేదో కనుక్కురమ్మని ఆయన్ను పంపాను.

"వేసుకుందా?"

"ఒకటి వేసుకుంది. రెండోది మంచం కిందకు పోయిందట. వంగితే కంటికి ఒత్తిడి అవుతుందని తియ్యలేదు. నేను తీసిచ్చాను."

10.58. వచ్చింది.

రాసుకోవలసి వచ్చింది. రాసుకున్నాను.

మిగిలినవి 110.

మార్చి 11, సోమవారం.

ఆయన ఉదయం ఏడింటికే పెన్షనర్ల సమావేశానికి వెళ్ళారు. సాయంత్రం దాకా రారు. కబురు మోసేవాళ్ళు లేరు. అందుకని నిన్న రాత్రే ఇద్దరం ఏమేం చెయ్యాలో పట్టిక తయారుచేసి ఆయనతో పంపాను.

నా వైపు: నిలబడాలి. కిటికీ సగం తెరవాలి. ఫ్యాను రెండో నంబరు. టీ పదికి కాదు, తొమ్మిదికే. తాళం అక్షరాలు ఒకసారి పైకి చదవాలి. పెట్టె మీద తడిగుడ్డ వెయ్యరాదు (శనివారం వేశాను, అది రాయలేదు).

చెల్లెలి వైపు: రెండు చెప్పులు. కుర్చీ గోడకు ఆనరాదు. పేజీ వచ్చేటప్పుడు మాట్లాడరాదు.

ఫలితం: 22 పేజీలు. ఒక్కసారి కూడా ఆగలేదు. కంప్యూటరు గడియారం కూడా వెనకబడలేదు.

మిగిలినవి 88.

నా పట్టికను గోడకు అంటించాను. మనవరాలు రాగానే చూపించాలి. కారణం ఇంకా తెలియదు, నిజమే. కాని ఇరవై రెండు పేజీలు ఊరికే రావు.

మార్చి 12, మంగళవారం.

పట్టికలోని ప్రతి అంశమూ పాటించాను. నిలబడ్డాను. కిటికీ కొలబద్దతో కొలిచి సగం తెరిచాను.

10.14కి ఆగింది. రెండు పేజీలు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ను పంపాను.

"వెళ్ళి అడగండి, కుర్చీ గోడకు ఆనించిందేమో. నిజం చెప్పమనండి."

ఆయన వెళ్ళారు, వచ్చారు.

"ఆనించలేదట."

"అబద్ధం. చిన్నప్పటి నుంచీ కుర్చీ వెనక్కి వంచి ఊగేది. ఆలస్యంగా రావడం, వచ్చాక అబద్ధం చెప్పడం. ఫొటో రోజు కూడా ఇంతే."

ఇది గట్టిగా అన్నాను. కిటికీ సగం తెరిచి ఉంది. కూరగాయల కొట్టువాడు త్రాసు దించి చూశాడు. నాలుగో నిర్ణయం సమాప్తం.

ఫొటో సంగతి రాయాలి. రెండేళ్ళ క్రితం, మా పెళ్ళయి యాభై ఏళ్ళయిన రోజు. కుటుంబమంతా కలిసి ఫొటో, నాలుగు గంటలకు అని చెప్పాను. చెల్లెలు నాలుగూ పన్నెండుకు వచ్చింది. అప్పటికే తీసేయించాను. అది తన చేతి వాచీ చూపించింది, మూడూ యాభై రెండు. "ఈ ఇంటికి పిలిచాక ఈ ఇంటి టైమే" అన్నాను. "అయితే నీ గడియారం దారికొచ్చేదాకా నీ గడప తొక్కను" అని, వచ్చిన చెప్పులతోనే వెళ్ళిపోయింది. తప్పు ఒప్పుకునేదాకా నేనూ దాని గడప తొక్కనన్నాను. ఫొటో ఇంకా హాల్లోనే ఉంది. కుడివైపు చివర ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. ఫొటోగ్రాఫరు ఎందుకు వదిలాడో తెలియదు.

ఆయన జోళ్ళు విప్పకుండా నిలబడ్డారు.

"ఇంకో మాట కూడా చెప్పింది. నీకు చెప్పొద్దంది."

"చెప్పండి."

"ఇవాళ్టి పేజీల్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తున్నాయట. కన్ను తుడుచుకుని తుడుచుకుని చదివింది. రెండు పేజీలకు గంట పట్టింది."

మిగిలినవి 86. రోజులు ఐదు.

పట్టిక చించేశాను.

మార్చి 13, బుధవారం.

ఉదయం 9.00. మొదటి నిర్ణయం కూడా పోయింది. మనవరాలికి ఫోను చేశాను.

"అమ్మమ్మా, తెర మీద ఏముందో చెప్పు."

"తెర మీద ఉన్నది తర్వాత. నా దగ్గర ఎనిమిది రోజుల లెక్క ఉంది. ముందు అది విను."

చదవడం మొదలుపెట్టాను. పెట్టె, తాళం, కిటికీ, ఫ్యాను. చెప్పుల దగ్గర తను ఫోను దూరంగా పెట్టి దగ్గింది. అది దగ్గు కాదు. నేను ఆగలేదు. శనివారం దాకా వచ్చాను.

"ఆగు. మళ్ళీ చదువు."

"'గడియారం ఒక్కటే ఐదుసార్లు సరిచేశాను.'"

"సరిచేయడమంటే ఏం చేశావు?"

"నువ్వు వెళ్ళిన రోజే ఇరవై నిమిషాలు ముందుకు పెట్టాను, వెనకబడినప్పుడల్లా మళ్ళీ పెట్టాను. ఇంట్లో అన్నీ అలాగే ఉంటాయి కదా."

అవతల తను కుర్చీ ముందుకు లాక్కున్న చప్పుడు వినిపించింది.

"అమ్మమ్మా, దాన్ని మళ్ళీ వెనక్కి పెడుతున్నది ఎవరు?"

"ఎవరూ లేరు. అదే వెనకబడుతుంది."

"కంప్యూటరు గడియారం రోజుకు ఇరవై నిమిషాలు, అదీ ఐదుసార్లు, దానంతటది వెనకబడదు. ఇంట్లో ఇంకెవరున్నారు?"

తిరిగి చూశాను. ఆయన పేపరు చదువుతున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

మనవరాలు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నా కంప్యూటరు తలుపు కొట్టినప్పుడల్లా ఆ క్షణం టైము చెబుతుంది. అవతలి కంప్యూటరు ఆ టైమును గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎవరైనా అంతకంటే పాత టైముతో వచ్చి తలుపు కొడితే, ఇది ఎవరో దొంగ పాత ఉత్తరాన్ని దొరకబుచ్చుకుని మళ్ళీ తెచ్చాడనుకుని కిమ్మనకుండా ఊరుకుంటుంది. పది గంటల నలభై అని చెప్పి వెళ్ళిన మనిషి, మళ్ళీ వచ్చి పది గంటల ఇరవై అంటే నమ్మదు. ఆ ఇరవై నిమిషాలూ గడిచేదాకా తలుపు తియ్యదు. నేను మళ్ళీ ముందుకు పెడితే వెంటనే తీస్తుంది.

అంటే ఎనిమిది రోజులుగా మా ఇంట్లో ఇద్దరు మనుషులు ఒక గడియారాన్ని చెరో వైపు లాగుతుంటే, తొమ్మిది వందల అడుగుల అవతల ఒక యంత్రం మమ్మల్ని దొంగలనుకుంది.

ఆయన పేపరు మడిచారు.

"నేనే. రోజూ సరిచేస్తున్నాను."

"ఎందుకు?"

"బయల్దేరే టైము తప్పు రాసుకోలేను. ముప్పై ఆరేళ్ళ అలవాటు. గోడల మీద గడియారాలు నీవన్నావు, ఒప్పుకున్నాను. కంప్యూటరు గోడ కాదు కదా అనుకున్నాను."

"చెప్పొచ్చు కదా."

"యాభై ఏళ్ళ నుంచి చెప్పనిది ఇప్పుడేం చెప్తాను?"

ఫోనులో మనవరాలు అంది, "అమ్మమ్మా, కోప్పడకు. మేమందరం లోపల లోపల ఇరవై తీసేసుకుంటాం. అమ్మ, నాన్న, పాలవాడు కూడా. కంప్యూటరు ఒక్కదానికే తీసేసుకోవడం చేతకాలేదు."

చెల్లెలికీ చేతకాలేదు. ఇది తను అనలేదు. నేను రాస్తున్నాను.

పరిష్కారం: గడియారాన్ని ఒక్కసారి నిజం టైముకు పెట్టి, ఎవరూ ముట్టకుండా తాళం వెయ్యాలి. అలా పెట్టాక ఆఖరిసారిగా ఇరవై నిమిషాలు సొరంగం పనిచెయ్యదు. అంతే.

10.20. గడియారాన్ని వెనక్కి నేనే పెట్టాను. ఆయన్ను పెట్టనివ్వలేదు. సొరంగం ఆగింది. కబురు పంపడానికి ఆయన వైపు చూశాను.

"నేను ఇక నడవను. ఫోను ఉంది" అన్నారు ఆయన.

10.23. చేశాను. రెండేళ్ళ ఏడు రోజుల తర్వాత.

"ఎవరు?"

"నేనే. ఇరవై నిమిషాలు పేజీలు రావు. చెబుదామని."

"ఏమైంది?"

చెప్పాను. అంతా చెప్పాను. చెప్పులు తియ్యొచ్చని కూడా చెప్పాను. అవతల చాలాసేపు నవ్వు వినపడింది. తర్వాత, "అమ్మో, కన్ను నొప్పెడుతోంది, నవ్వించకే అక్కా" అంది.

"నేను నవ్వించడం లేదు. ఉన్నది చెబుతున్నాను."

"సరే. ఇరవై నిమిషాలూ ఏం చేద్దాం మరి?"

"ఏముంది చెయ్యడానికి?"

"మొన్న సోమవారం వచ్చిన వాటిలో ఒక పేజీ ఉంది. టైపు చేసి దాచాను. నువ్వు ఎప్పుడైనా మళ్ళీ టైము గురించి గొడవకు వస్తే చదువుదామని. ఇప్పుడు చదవనా?"

"చదువు."

"'పెద్దదాని కూతురు. తేలిక కాన్పు. బిడ్డ ఆరు పౌన్లు. పెద్దది ఏడవలేదు, పళ్ళు బిగించింది, పక్కింటివాళ్ళు వింటారని. పుట్టింది తొమ్మిదీ నలభై. గడియారం పెద్దదానిది. ఇరవై తీసి తొమ్మిదీ ఇరవై.'"

నేను హాలు గడియారం వైపు చూశాను.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది.

నలభై తొమ్మిదేళ్ళుగా మా అమ్మాయి పుట్టింది తొమ్మిదీ నలభైకని అన్నిచోట్లా రాయించాను. ఆయన ఒకసారి, అదీ మెల్లగా, తొమ్మిదీ ఇరవై కదా అన్నారు. నేను కళ్ళెర్రజేశాను. అమ్మ అప్పుడు పక్కనే ఉంది. ఏమీ అనలేదు. నాకు రాని రాతలో రాసి పెట్టుకుంది.

"అమ్మ కూడా తీసేసుకునేదన్న మాట" అన్నాను.

"అమ్మ నీతో గొడవ పడలేకపోయింది. నేను పడ్డాను. నాకు అమ్మంత ఓపిక లేదు."

10.41. మేము ఇంకా మాట్లాడుకుంటుండగా తెర మీద మారింది: చివరి కరచాలనం 3 క్షణాల క్రితం. చెల్లెలికి చెప్పలేదు. మరో పన్నెండు నిమిషాలు మాట్లాడాను. ఆ తర్వాత దాని కన్ను అలిసింది. ఇవాళ పేజీలు సున్న.

మార్చి 14, గురువారం. ఉదయం 8.50, ఆయన చేతి వాచీ ప్రకారం.

పాత నిర్ణయాలు నాలుగూ పోయాయి. కొట్టేశాను. కొత్తగా మొదలుపెడుతున్నాను. మిగిలినవి 86 పేజీలు, రోజులు నాలుగు. జరగవలసినవి:

1. ఇవాళ 22, రేపు 22, శనివారం 21 పేజీలు సొరంగంలో వెళ్ళాలి. మొత్తం 65.

2. మిగిలిన 21 పేజీలు పంపను. ఆదివారం చెల్లెలు మా ఇంటికి వచ్చి అమ్మ పుస్తకం చేత్తో పట్టుకుని చదువుతుంది. అది చదువుతుంటే నేను టైపు చేస్తాను. మధ్యలో తప్పులు దిద్దను.

3. కంప్యూటరు గడియారాన్ని ఆయన గాని నేను గాని ముట్టరాదు. తాళం మనవరాలి దగ్గర ఉంటుంది. ఆ మాట మీద ఇద్దరం ఈ పుస్తకంలో సంతకాలు చేశాం.

4. అమ్మాయికి ఫోను చేసి పుట్టిన టైము సవరించాలి. సంజాయిషీ అక్కర్లేదు, సవరణ చాలు.

5. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వంటింటి గడియారం ఇవాళ. పడకగదిది రేపు. హాలు గడియారం శనివారం సాయంత్రం, నేనే స్టూలు ఎక్కి. ఆయన స్టూలు పట్టుకోవాలి, మాట్లాడరాదు.

6. చెల్లెలిని ఆదివారం పదింటికి రమ్మన్నాను. "ఎవరి పది?" అంది. అందరి పది అన్నాను.

7. ఫొటోగ్రాఫరును పదకొండింటికి రమ్మనాలి. ఈసారి చెల్లెలు మధ్యలో. (అతనికి మాత్రం పదీ నలభై అని చెప్పాలి. మనిషి మంచివాడే, కొంచెం ఆలస్యం చేస్తాడు.)